ఎడమ భుజం

కోరుట్ల బస్టాండు ముందున్న సమ్మె టెంటులో మాట్లాడటం ముగించి జలపతి మైకు పక్కాయనకు అందిస్తుండగా రాజమౌళి జీపు వచ్చి రోడ్డు మీద ఆగింది. బస్సులు డిపో దాటక నెల కావస్తోంది. సకల జనుల సమ్మెలో బడులు మూతపడ్డాయి. సర్కారు బడిలో వ్యాయామం సారుగా పనిచేసే జలపతి కూడా అందరితో పాటు పొద్దున్నే వచ్చి టెంటులో కూర్చుంటున్నాడు. ఎవరికీ జీతాలు లేవు. అయినా రోజూ మధ్యాహ్నం ఆ రోడ్డు మీద వంటా వార్పూ సాగుతోందంటే, అది రాజమౌళి మిల్లు నుంచి వచ్చే బియ్యం వల్లే.

"మా పిల్లల కొలువులు మా పిల్లలకే రావాలె అన్నవు సూడు సారూ, గాడ చప్పట్లు ఆగలే" అన్నాడు రాజమౌళి జీపు తలుపు తెరిచి పట్టుకుని. "ఎక్కు ఎక్కు. సిరిసిల్లల తుపాకులమ్మే ఆయన మధ్యాహ్నం దాక్నే ఉంటడట."

వెనక సీట్లో మహేందర్ కూర్చుని ఉన్నాడు. రాజమౌళి తమ్ముడి కొడుకు. తండ్రి దుబాయిలో ఉంటాడు. జలపతి బడిలోనే తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వయసుకు మించిన ఎత్తు, వెడల్పాటి భుజాలు.

"మహేందర్ గూడ వస్తుండా అన్నా?"

"వీడు గూడ కొడ్తడు గద సారూ. సూస్తడని తోల్కొచ్చిన."

జలపతి జీపెక్కాడు. హైదరాబాదులోని క్రీడా హాస్టలుకు పిల్లల్ని ఎంపిక చేసే పోటీ వచ్చే ఆదివారం జగిత్యాలలో ఉంది. ఎయిర్ రైఫిల్‌కు జిల్లా నుంచి ఒక్కరినే తీసుకుంటారు. అందులో చేరితే చదువు, తిండి, నేర్పే మనిషి, అన్నీ వాళ్లవే. తన బడిలో ఆ ఒక్క స్థానానికి తగిన పిల్ల మానస అని జలపతికి ఏడాదిగా తెలుసు. ఎన్‌సీసీ క్యాంపులో ఆమె కొట్టిన తీరు జిల్లా పేపర్లో వచ్చినప్పుడు, "ఆ పిల్లకు తుపాకి నేనిప్పిస్త" అని రాజమౌళి టెంటులో మైకు పట్టుకుని చెప్పాడు. ఇవాళ ఆ మాట మీదే వెళ్తున్నారు.

జగిత్యాల దాటి కొడిమ్యాల అడ్డరోడ్డు చేరేసరికి మానస తల్లితో పాటు నిలబడి ఉంది. కోరుట్లలో బడి పిల్లల హాస్టలు మూసినప్పటి నుంచి ఆమె ఇంటి దగ్గరే ఉంటోంది. ఖాకీ చొక్కా ఉతికి, మడత నలగకుండా తొడుక్కుంది. సన్నటి పిల్ల. తల్లి దేవవ్వ కొంగు నడుముకు బిగించి ఉంది. అటునుంచి అటే మక్కచేనుకు, మొక్కజొన్న కంకులు విరిచే కూలికి పోవాలి.

"నాకేం తెల్వది సారూ" అంది దేవవ్వ, జీపు దగ్గరికి వచ్చి. "ఏది మంచిదో మీరే సూడుండ్రి. మీరు ఏదంటే గదే."

"నీ బిడ్డకు తగినదే తెస్తం అవ్వా" అన్నాడు జలపతి.

మానస వెనక సీట్లో కిటికీకి ఆనుకుని, చొక్కా నలుగుతుందేమోనన్నట్టు నిటారుగా కూర్చుంది. వేములవాడ దగ్గర మొద్దులు అడ్డం వేసిన యువకులు జీపును ఆపారు. రాజమౌళి తల బయటపెట్టి "జై తెలంగాణ" అని, "మన పిల్లకు తుపాకి కొననీకి పోతున్నం తమ్మీ, పట్నంల కొట్టాలె" అన్నాడు. వాళ్లు మానసను చూసి నవ్వి, మొద్దు పక్కకు జరిపారు. ఒకడు సెల్యూట్ కొట్టాడు. మానస కూడా సిగ్గుపడుతూ సెల్యూట్ కొట్టింది.

సిరిసిల్లలో సంజీవ్ అనే ఆయన షెడ్డు ముందు జీపు దిగారు. ఎప్పుడూ పక్కవాడి మాట వినపడనంత మోతగా ఉండే ఆ వీధిలో పిచ్చుకల అరుపు వినిపిస్తోంది. బొగ్గు రాక కరెంటు లేదు. షెడ్డులో కరెంటుతో నడిచే నేత సాంచాలన్నీ సగం నేసిన బట్టతోనే ఆగి ఉన్నాయి. సంజీవ్ ఒకప్పుడు యూనివర్సిటీ తరఫున రైఫిల్ కొట్టినవాడు. ఇప్పుడు నూలు దుమ్ము పట్టిన చేతుల్ని పంచెకు తుడుచుకుంటూ, మగ్గం పక్కనున్న బల్ల మీద దుప్పటి పరిచి రెండు తుపాకుల్ని పెట్టాడు.

మొదటిది నల్లటి పెట్టెలోంచి తీశాడు. జర్మనీది. పొడవైన గొట్టం, నిగనిగలాడే కర్ర. గుప్పిట పట్టేచోట వేళ్లకు సరిపోయేలా చెక్కి ఉంది. రెండోది పాత చెద్దరులో చుట్టి ఉంది. పొట్టిది. కర్రకు వేసిన నీలిరంగు అక్కడక్కడ లేచిపోయింది.

"గిది నేను నేర్చుకున్నప్పటిది సార్" అన్నాడు సంజీవ్. "రెండూ మంచియే. ఎవలు కొడ్తరన్న దాన్ని వట్టి ఉంటది. రా బిడ్డా, పట్టి సూడు."

మానస పెద్దదాన్ని ఎత్తింది. అలవాటు ప్రకారం తుపాకి వెనక కొసనున్న మడమను ఎడమ భుజానికి ఆనించుకుంది. పుట్టినప్పటి నుంచీ ఆమెది ఎడమచేతి వాటం. బడిలో ఉన్న ఎన్‌సీసీ తుపాకి కర్ర రెండువైపులా ఒకేలా సాపుగా ఉండేది కనుక ఇన్నాళ్లూ ఆ సంగతి ఎవరికీ అడ్డు రాలేదు. దీనికి చెంప ఆనించుకునే దిమ్మె అటుపక్కన ఉంది. ఆమె దవడ ఎముక ఉత్త కర్ర అంచుకు ఒత్తుకుంది. వేలు ట్రిగ్గరుకు అందడానికి భుజాన్ని ముందుకు సాగదీయాల్సి వచ్చింది. బరువంతా ముందుకే ఉండటంతో గొట్టం కొస మెల్లగా కిందికి వాలింది. దాన్ని లేపడానికి ఆమె నడుము వెనక్కి వంచింది.

సంజీవ్ దాన్ని తీసుకుని, పొట్టిదాని మడమ దగ్గర మరలు విప్పి ఒక చెక్కముక్క తీసేసి, మళ్లీ బిగించి ఆమెకు ఇచ్చాడు.

అది ఆమె భుజంలోకి వెళ్లి కూర్చుంది. తల ఎటూ వంగలేదు. కుడి మోచెయ్యి నడుము ఎముక మీద ఆనింది. షెడ్డు ఆ కొసన గోడకు అంటించిన కాగితం వైపు చూసి, ఊపిరి సగం వదిలి, ఆపి, నొక్కింది. టప్పుమని చిన్న చప్పుడు. మహేందర్ పరుగెత్తి వెళ్లి కాగితం తెచ్చాడు. నడిమి చుక్క పోయింది.

"నడుమ కొట్టింది పెద్దనాయినా!"

జలపతి కాగితం అందుకుని ఆ బొక్కలో వేలు పెట్టి చూశాడు. ఇదే, అనుకున్నాడు. చూడగానే తెలిసిపోతోంది.

రాజమౌళి ఆ పొట్టి తుపాకిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పిల్ల మంచిగనే కొట్టింది గని, ఇదేంది సారూ, జాతరల గాలిబుగ్గలు కొట్టే తుపాకి లెక్కున్నది. రంగు వోయింది. రేపు పేపరోళ్లు ఫోటో తీస్తరు. రాజమౌళి ఇప్పిచ్చిండంటే ఇప్పిచ్చినట్టుండాలె."

ఈలోగా మహేందర్ పెద్దదాన్ని ఎత్తి కుడి భుజానికి పెట్టుకున్నాడు. చెంప దిమ్మె మీద ఒదిగింది. వేళ్లు చెక్కిన గుంటల్లో పడ్డాయి. "ఇది మస్తున్నది పెద్దనాయినా" అన్నాడు కళ్లు మెరుస్తుండగా.

"సూసినవా సారూ? ఇద్దరికీ పనికొస్తది. పిల్ల పేరు మీదనే కొందం. వీడు గూడ కొట్టుకుంటడు."

సంజీవ్ జలపతి వైపు తిరిగాడు. "అది కుడిచేతోళ్లకు చెక్కింది సార్. పెద్దోళ్ల కొలత. నాకు ఏది అమ్మినా ఒక్కటే. మీరు నేర్పెటోళ్లు, మీరే చెప్పుండ్రి."

అందరూ జలపతినే చూశారు. మానస కూడా చూసింది. పొట్టి తుపాకి ఇంకా ఆమె చేతుల పక్కనే బల్ల మీద ఉంది.

పొద్దున్న టెంటు వెనక దించిన బియ్యం బస్తాలు జలపతికి గుర్తొచ్చాయి. రేపు పొయ్యి వెలగకపోతే టెంటులో ఎంతమంది కూర్చుంటారు? ఇంతమంచి తుపాకి కొనిస్తానంటున్న మనిషిని పరాయి ఊళ్లో, పరాయివాడి ముందు ఎలా కాదనడం? జలపతి, సంజీవ్ భుజం మీది గుడ్డ అందుకుని, పెద్ద తుపాకి గొట్టం మీద లేని దుమ్మును తుడిచాడు.

"అలవాటైతది" అన్నాడు.

"గంతే మరి!" అన్నాడు రాజమౌళి. "నీకెట్లున్నది బిడ్డా?"

"మంచిగున్నది సార్" అంది మానస. జవాబు రాజమౌళికి చెప్పింది కానీ చూపు జలపతి మీద నుంచి తియ్యలేదు. ఆయన మాత్రం ఇంకా గొట్టం తుడుస్తూనే ఉన్నాడు.

*

మరుసటి రోజు నుంచి సాధన మొదలైంది. మానస కోరుట్లలో చిన్నమ్మ ఇంట్లో దిగింది. మూసిన బడి తాళం చెవి తెప్పించి, తరగతి గదుల ముందున్న పొడవాటి వరండాలో గుండ్లు ఆపడానికి జలపతి బోను కట్టించాడు. అట్టపెట్టెలో పాతబట్టలు కుక్కి, ముందు లక్ష్యం కాగితం అంటించాడు. పొద్దున మానస, ఎండెక్కాక మహేందర్.

కర్రకు ఆమె చెంప ఆనే వైపు స్పాంజి ముక్క అంటించాడు జలపతి. చెమటకు అది జారిపోయింది. సైకిలు ట్యూబు కోసి చుట్టాడు. మానస తువ్వాలు మడిచి చొక్కా లోపల భుజం మీద పెట్టుకుంది. గుప్పిట దగ్గర కుడిచేతి బొటనవేలికి చెక్కిన గట్టు ఆమె ఎడమ అరచేతిలో ఒరుసుకుని తోలు లేచింది.  ప్రతి గుండు తర్వాతా తుపాకి దించి, భుజం రుద్దుకుని, మళ్లీ ఎత్తేది. చుక్కకు కుడి దిగువన బొక్కలు చెల్లాచెదురుగా పడుతున్నాయి. బడిలోని ఎన్‌సీసీ తుపాకితో కొట్టినప్పుడు ఆ బొక్కలన్నీ ఒక్క బొక్కలా కలిసిపోయేవి.

"నడుము అంత వెనుకకు వంచకు."

"వంచకపోతే లేస్తలేదు సార్."

జలపతి తుపాకి మడమ కొలిచాడు. బెత్తెడు కోస్తే ఆమె వేలు అందుతుంది. సాయంత్రం టెంటులో రాజమౌళి పక్కన కూర్చుని మెల్లగా కదిపాడు. "అన్నా, వెనుక జరంత కోయిస్తే పిల్లకు సులువైతది."

రాజమౌళి నిజంగానే నొచ్చుకున్నాడు. "కొత్తదానికి రంపం వెడ్తవా సారూ? ఇంటికి తెచ్చి మూన్నాళ్లు గాలే. మావోనికేమో అచ్చం వానికే చేసినట్టున్నది. పిల్లకు చేతగాకపోతే..." అని ఆగి, "నువ్వే అంటివి గద అలవాటైతదని" అన్నాడు.

జలపతి వడ్డిస్తున్న వాళ్ల వైపు తిరిగి, పప్పు ఇటు పంపమని కేకేశాడు.

శనివారం మహేందర్ వరుసగా పది పాయింట్ల చుక్కనే కొట్టాడు. సంతోషం పట్టలేక కాగితం పట్టుకుని వరండా అంతా పరుగెత్తాడు. పిల్లవాడి తప్పేమీ లేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. మానస గోడకు ఆనుకుని, తోలు లేచిన అరచేతిని మూసి, వాడు కొడుతుంటే చూస్తోంది. "మంచిగ కొడ్తుండు సార్" అంది. ఆ మాటలో ఈర్ష్య లేదు. అందుకే జలపతి ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు.

*

జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాలు అద్దెకు తీసుకుని పోటీ పెట్టారు. పెళ్లివేదిక మీద లక్ష్యాలు, నేల మీద సున్నంతో గీత. జిల్లా నలుమూలల నుంచి షేరు ఆటోల్లో, బండ్ల మీద వచ్చిన పిల్లలు పదిహేను మంది దాకా ఉన్నారు. ముందు వరుసలో రాజమౌళి, ఆయన పక్కన పేపరు విలేఖరి. మొదలుపెట్టే ముందే ఫోటో తీశారు. మానస తుపాకి పట్టుకుని, దాని మడమ మీద రాజమౌళి చెయ్యి వేసి.

ఎంపిక చేయడానికి హైదరాబాదు నుంచి వచ్చిన ఆయన నడివయసు మనిషి. మానస గీత దగ్గర నిలబడి తుపాకి ఎత్తేసరికి ఆయన లేచి దగ్గరికి వచ్చాడు.

"నువ్వు లెఫ్ట్ హ్యాండరువా అమ్మా? మరి ఈ రైఫిలు ఎవరు సెలెక్ట్ చేశారు నీకు?"

"మేమే ఇప్పిచ్చినం సార్" అన్నాడు రాజమౌళి కుర్చీలోంచి. "జర్మనీది."

ఆయన జలపతి వైపు చూశాడు. "మీరేనా కోచ్? కావాలంటే మా దగ్గర ఒక జూనియర్ రైఫిలు ఉంది. మార్చుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు. మీ ఇష్టం."

అడిగిన దానికి ఊఁ అంటే చాలు. విలేఖరి కలం పట్టుకుని ఉన్నాడు. రాజమౌళి నవ్వు మొహం నవ్వుతోనే నిలిచిపోయింది. మానస తుపాకి దించి, ఇటు తిరిగింది. ఆమె కళ్లలో ఒక్క క్షణం ఏదో ఆశ కనబడింది. చాలాసేపు నీళ్లు అడగలేక కూర్చున్న పిల్ల గ్లాసు కనబడితే చూసినట్టు.

"వద్దు సార్" అన్నాడు జలపతి. "దీని మీదనే ప్రాక్టీసు చేసింది."

ఆయన భుజాలు ఎగరేసి వెళ్లి కూర్చున్నాడు.

మానస గీత వైపు తిరిగింది. మొదటి గుండ్లు బాగానే పడ్డాయి. ఆమె తన బలమంతా పెట్టి ఆ బరువును లేపి ఉంచిందని జలపతికి అర్థమవుతోంది. తర్వాత కుడిచెయ్యి వణకడం మొదలైంది. తుపాకి దించింది. ఎత్తింది. మళ్లీ కొట్టకుండానే దించింది. అరచేయి చొక్కాకు తుడుచుకుంటే ఖాకీ మీద సన్నటి ఎర్రటి చార పడింది. చివరికి వచ్చేసరికి గుండ్లు నల్లటి వలయం దాటి తెల్లకాగితం మీద పడ్డాయి. ఒకటి కాగితానికే తగల్లేదు. ఆమె అన్ని గుండ్లూ కొట్టి, పద్ధతి ప్రకారం గుండు పెట్టే గది తెరిచి ఖాళీగా చూపి, తుపాకిని బల్ల మీద పెట్టి పక్కకు జరిగింది.

తర్వాత అదే తుపాకితో మహేందర్ కొట్టాడు.

సాయంత్రం పేర్లు చదివారు. రైఫిల్‌కు మహేందర్. రాజమౌళి జలపతిని గట్టిగా కావలించుకున్నాడు. కళ్ల వెంట నీళ్లు కూడా వచ్చాయి. "దుబాయిల మా తమ్మునికి ఫోన్ చేస్త. సారు పుణ్యం అని చెప్త." మహేందర్ మాత్రం హాలు మూలలో చెప్పులు తొడుక్కుంటున్న మానస దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఏమనాలో వాడికి తోచలేదు. "నువ్వు నాకన్న మంచిగ కొడ్తవు" అన్నాడు చివరికి. మానస నవ్వి, "నువ్వు పో, నీ ఫోటో తీస్తరట" అంది.

జలపతి ఆమెను ఇంటి దగ్గర దింపుతానన్నాడు. "కొడిమ్యాల ఆటో ఉన్నది సార్" అని ఆమె వెళ్లిపోయింది.

*

రెండు రోజులు జలపతి టెంటుకు పోలేదు. జ్వరమని చెప్పాడు. మూడో రోజు పొద్దున బండి తీసి సిరిసిల్ల వెళ్లాడు. సంజీవ్ సాంచాలకు నూనె పెడుతున్నాడు. ఏమీ అడగకుండానే లోపలికి వెళ్లి, చెద్దరులో చుట్టిన పొట్టి తుపాకి తెచ్చి ఇచ్చాడు.

"తీస్కపోండ్రి సార్. పైసల ముచ్చట తర్వాత సూద్దాం" అన్నాడు. తర్వాత, నూనె డబ్బా మూత పెడుతూ, "గా రోజే అడుగుతరనుకున్న" అన్నాడు.

కొడిమ్యాల చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మక్కచేను దగ్గర బండి ఆపి, చెద్దరు మూట చంకలో పెట్టుకుని జలపతి గట్టు వెంట నడిచాడు. ఎండిన మక్క ఆకులు గరగరలాడుతున్నాయి. కూలీలు వరుసల్లో కంకులు విరిచి గంపల్లో వేస్తున్నారు. దేవవ్వ ముందుగా చూసి, చేతులు దులుపుకుంటూ ఎదురొచ్చింది. ఆమె వెనకే మానస. తలకు తువ్వాలు చుట్టుకుంది.

"సారూ, గింత ఎండల అచ్చిండ్రా! నేనే మీ దగ్గరికి అద్దామనుకున్న" అంది దేవవ్వ. "మీరు గంత మంచి తుపాకి ఇప్పిస్తిరి, గన్ని రోజులు నేర్పిస్తిరి. మా పిల్ల సరిగ్గ కొట్టకపాయె. మీ పేరు వాయె. ఏమనుకోకుండ్రి సారూ. గా రాజమౌళి సేటుకు గూడ జెప్పుండ్రి, పిల్ల చిన్నదని." ఆమె వంగి జలపతి కాళ్లకు దండం పెట్టబోయింది.

జలపతి రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంట్లో మానస ఏమీ చెప్పలేదని అప్పుడు అర్థమైంది. చెప్పాల్సిన మాట బండి మీద దారి పొడుగునా కూర్చుకుంటూ వచ్చినదే. "అవ్వా..." అన్నాడు. 

"తప్పు నాది గాదవ్వా" అంది మానస.

గొంతు పెంచలేదు. తల్లి చేయి పట్టుకుని లేపింది. "గా తుపాకి నాకు పొడుగు. కుడిచేతోళ్లది. సార్‌కు గూడ ఎరుకనే."

దేవవ్వ కూతురి ముఖం చూసింది, జలపతి ముఖం చూసింది. ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. "గట్లనా" అంది. ఎవరినీ చూడకుండా మళ్లీ "గట్లనా" అని, కొంగు సర్దుకుని గంప దగ్గరికి వెళ్లిపోయింది.

జలపతి గట్టు మీద కూర్చుని మూట విప్పాడు. "ఇది తెచ్చిన మానసా. ఇది నీదే. ఎవలూ అడగరు, ఎవలికీ ఇయ్యవలసిన పని లేదు. సమ్మె అయినంక రోజూ కొడుదువు. వచ్చే యేడు..."

మానస చేతులు తువ్వాలుకు తుడుచుకుని తుపాకి అందుకుంది. అరచేతిలో పుండు ఆరి పెచ్చు కట్టింది. ఎడమ భుజానికి ఎత్తింది. చేను ఆ కొసన దేన్నో చూసింది. గొట్టం ఇసుమంత కూడా కదల్లేదు. జలపతికి ఆ క్షణాన ఆమెను అలాగే తీసుకుపోయి ఆ సున్నపు గీత మీద నిలబెట్టాలనిపించింది.

"వచ్చే యేడు తీస్కోరు సార్" అంది ఆమె, చెంప తియ్యకుండానే. "పద్నాలుగు నిండినోళ్లను తీస్కోరు. నాకు సంక్రాంతి దాటితే నిండుతయ్."

ఆ నిబంధన రాసి ఉన్న కాగితం తన సంచిలోనే ఉంది. జలపతి దాన్ని ఎన్నిసార్లు చదివాడో.

"షెడ్డుల నేను మీ దిక్కే సూసిన సార్" అంది మానస తుపాకి దించుతూ. "జగిత్యాలల గూడ. మీరంటరేమో అని."

"అనాలనే ఉండె..."

"నేను గూడ అనలే సార్. మంచిగున్నదన్న. నాకు బుద్ధి లేదు." ఆమె తుపాకిని చెద్దరులో జాగ్రత్తగా చుట్టింది, చిన్నపిల్లకు బట్ట కప్పినట్టు. "బడిలనే ఉంచుండ్రి. ఇంకెవలన్న ఎడమచేతి పిల్ల అస్తే ఇయ్యుండ్రి. అప్పుడు మాత్రం జెప్పుండ్రి సార్."

"బడికైతే వస్తవు గద?"

"ఎందుకు రాను? పది పాస్ గావాలె" అంది. మళ్లీ చేనులోకి వెళ్లి, వదిలిన వరుస దగ్గర వంగింది.

జలపతి లేవబోతుంటే దేవవ్వ వచ్చింది. చేతిలో రెండు పచ్చి కంకులు కాల్చి, ఆకులో పెట్టి తెచ్చింది. ఎండిన చేనులో పచ్చివాటి కోసం ఎక్కడెక్కడ వెతికిందో. "ఎండల అచ్చిండ్రు. తిని పోండ్రి సారూ" అని ఆయన పక్కన పెట్టింది. ఇందాకటిలాగే మర్యాదగా అంది. కానీ ఈసారి ఆయన ముఖం చూసి మాట్లాడలేదు.

జలపతి కంకి చేతిలోకి తీసుకున్నాడు. అది వేడిగా ఉంది. కూలీలంతా పని ఆపి తనవైపు చూస్తున్నట్టు అనిపించింది గానీ, తలెత్తి చూస్తే ఎవరూ చూడటం లేదు. ఎవరి వరుసలో వాళ్లు కంకులు విరుచుకుంటూ ముందుకు పోతున్నారు. ఆయన గింజలు ఒక్కొక్కటే వలుచుకుంటూ, ఆ కంకి పూర్తయ్యేదాకా గట్టు మీదే కూర్చున్నాడు.